అవతలి కుర్చీ

కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందుల్లో అతని అసలు పేరు చెప్పి అడ్రసు అడిగితే ఎవరూ చెప్పలేరు. వోచరన్న అంటే మాత్రం టీకొట్టు కుర్రాడు కూడా చెయ్యి చాపి ఇల్లు చూపిస్తాడు. లైట్‌మన్ బేటా కానివ్వండి, జనరేటర్ డీజిల్ కానివ్వండి, డైరెక్టరు గారికి అర్ధరాత్రి తలనొప్పి మాత్ర కానివ్వండి, వోచర్ మీద సంతకం పడితే గానీ అతని చేతిలోంచి రూపాయి కదిలేది కాదు. ఒకసారి వర్షంలో షూటింగ్ ఆగిపోయి అందరూ టార్పాలిన్ కింద దూరితే, పకోడీలు అమ్మే ఆవిడ దగ్గర కూడా తడి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడని చెప్పుకుంటారు. ఆ మాట నిజమే. వోచర్ ఇంకా ఫైల్లో ఉంది.

అతను పనిచేసింది యాడ్ ఫిల్ములు తీసే ఓ చిన్న ప్రొడక్షన్ హౌస్‌లో. హోదా లైన్ ప్రొడ్యూసర్. యజమానిది తెనాలి వైపు. సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ బాయ్‌గా మొదలై మేనేజరై, చివరికి అప్పోసొప్పో చేసి సొంత బోర్డు కట్టుకున్న మనిషి. యూనిట్ మొత్తానికి ఆయన బాబాయ్. ఆయనకు మాత్రం వోచరన్న "అబ్బాయ్".

యాడ్ ఫిల్మ్ వ్యవహారం తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. సరుకు అమ్ముకునే కంపెనీ క్లయింటు. ప్రకటన ఎలా ఉండాలో ఆలోచించేది ఏజెన్సీ. దాన్ని కెమెరాతో తీసిపెట్టేది ప్రొడక్షన్ హౌస్. ఏజెన్సీలో ఒక ప్రొడ్యూసర్ ఉంటాడు, ప్రొడక్షన్ హౌస్‌లో ఒక ప్రొడ్యూసర్ ఉంటాడు. సినిమా ప్రొడ్యూసర్‌లా సొంత డబ్బు పెట్టేవాళ్లు కారు వీళ్లిద్దరూ. ఏజెన్సీ ప్రొడ్యూసర్ మూడు కొటేషన్లు పిలుస్తాడు, బేరమాడతాడు, ఒకరిని ఖాయం చేస్తాడు, ఆ పైన ప్రతి రూపాయికీ ఎందుకైందని అడుగుతాడు. ప్రొడక్షన్ హౌస్ వాడు ఎందుకు కాక తప్పలేదో చెబుతాడు. షూటింగ్ రోజున మొదటివాడు మానిటర్ వెనక కుర్చీలో క్లయింటు పక్కన ఉంటాడు. రెండోవాడు వీధిలో, ట్రాఫిక్ కానిస్టేబుల్ పక్కన ఉంటాడు.

వోచరన్న పదేళ్లు ఆ వీధిలో నిలబడ్డాడు. నిలబడ్డప్పుడల్లా ఆ కుర్చీ వంక చూశాడు.

*

పూరీల రాత్రి జరిగింది ఆ పదేళ్ల చివర్లో.

వంటనూనె ప్రకటన. నిడివి 30 సెకన్లు, బడ్జెట్ 18 లక్షలు, పైన జీఎస్టీ. మణికొండలో ఓ ఇల్లు అద్దెకు తీసుకుని సంక్రాంతి ఇంటిలా అలంకరించారు. కథ చిన్నది. కొత్త కోడలు పూరీ వేస్తుంది. అది బంతిలా పొంగుతుంది. సరిగ్గా ఆ క్షణానికే అత్తగారి మొహం విచ్చుకోవాలి. కాగితం మీద ఒక వాక్యం.

పొయ్యి మీద అది వాక్యం కాలేదు. పూరీ పొంగినప్పుడు అత్తగారు నవ్వేది కాదు. అత్తగారు నవ్వినప్పుడు పూరీ ఒక పక్కకు ఒరిగేది. రెండూ కలిసొచ్చిన టేకులో, మానిటర్ ముందున్న క్లయింటు గారి బ్రాండ్ మేనేజరు "కొంచెం ఎర్రబడిందేమో, మా నూనెలో అంత ఎర్రగా రాదు" అన్నారు. ఫుడ్ స్టైలిస్టు పిండి మార్చింది, రవ్వ కలిపింది, నూనె వేడి కొలిచే కడ్డీ తెప్పించింది. సాయంత్రం ఆరు దాటింది. ఆరు దాటితే లెక్క మారుతుంది. లైట్‌మెన్‌కి, సెట్ బాయ్స్‌కి, మేకప్‌కి, జనరేటర్‌కి అన్నిటికీ అదనం. తొమ్మిదింటికి క్లయింటు గారికి గిన్నె రంగు నచ్చలేదు. పదకొండింటికి ముంబైలో ఉన్న వాళ్ల పెద్ద మేనేజరు వీడియో కాల్‌లో చూసి, అత్తగారి చీర మార్చమన్నాడు.

అర్ధరాత్రి దాటాక బాబాయ్, వోచరన్న కలిసి ఏజెన్సీ ప్రొడ్యూసర్‌ని పక్కకు పిలిచారు.

"సార్, ఈ ఓవర్‌టైమ్ మాది కాదు. క్లయింటు మార్పుల వల్ల అయింది. రెండు లక్షలు దాటుతుంది," అన్నాడు బాబాయ్.

"నాకు తెలీదా బాబాయ్! ఓవర్‌టైమ్ అని రాస్తే వాళ్ల పర్చేజ్ డిపార్ట్‌మెంట్ వాడు కొట్టేస్తాడు. 'అదనపు ఫుడ్ స్టైలింగ్' అని బిల్లు పెట్టండి. పాస్ చేయించే పూచీ నాది."

"ఒక మెయిల్ పడేయండి సార్," అన్నాడు వోచరన్న. అతను వోచరన్న కాబట్టి అలాగే అంటాడు.

"రేపు పొద్దున్నే పెడతా."

బాబాయ్ ఇక మాట్లాడలేదు. కారు దగ్గరికి వెళ్లి, డాష్‌బోర్డు లోంచి రబ్బరు బ్యాండు వేసిన ఖాకీ కవరు తెచ్చి అబ్బాయ్ చేతిలో పెట్టాడు. "జనం మొహాలు వాడిపోయాయి. ముందు పంచెయ్యి. పని వేగంగా నడుస్తుంది," అన్నాడు. వోచరన్న లెక్కపెట్టాడు. 2,10,000. కాల్‌షీట్‌లో ఉన్నవాళ్లు మొత్తం 38 మంది. తనను మినహాయించి 37 మందికి పంచి, 37 వోచర్లు రాసి, 37 సంతకాలు తీసుకున్నాడు. ఒక్కొక్కరికీ పదివేలు దాటకుండా చూసుకున్నాడు, దాటితే ఆదాయపు పన్ను లెక్కల్లో నగదు ఖర్చుగా చెల్లదు గనుక. తెల్లవారుజామున పూరీ పొంగింది, అత్తగారు నవ్వింది, బ్రాండ్ మేనేజరు కునుకు తీస్తున్నాడు. ప్యాకప్.

మెయిల్ రాలేదు. రెండు వారాల్లో ఆ ఏజెన్సీ ప్రొడ్యూసరే వెళ్లిపోయాడు. ముంబైలో ఓ ప్రొడక్షన్ హౌస్ పిలిచిందట. బల్లకు అటుపక్క కూర్చుని విసిగిపోయానని, ఇకనైనా సినిమా తీసేవాళ్ల మధ్య ఉంటానని వీడ్కోలు పార్టీలో కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

అతను ఖాళీ చేసిన కుర్చీ కోసం ఏజెన్సీ వోచరన్నకు ఫోన్ చేసింది.

*

కృష్ణానగర్ టీకొట్టు దగ్గర పెద్ద చర్చే నడిచింది. "అందరూ అటునుంచి ఇటు వస్తుంటే నువ్వు ఇటునుంచి అటు పోతావేంటన్నా?" అన్నాడు ఓ అసోసియేట్ కెమెరామన్.

వాడి మాటలో చరిత్ర ఉంది. సత్యజిత్ రాయ్ 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ అనే ఏజెన్సీలో నెలకు 80 రూపాయలకు బొమ్మలు వేస్తూ మొదలయ్యాడు. 1955లో 'పథేర్ పాంచాలి' వచ్చింది. మన హైదరాబాదులో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ 1959లో బొంబాయి లింటాస్‌లో కాపీరైటరుగా చేరాడు. వందలకొద్దీ ప్రకటనలు తీశాక గానీ తెలంగాణ పల్లె కథతో 1974లో 'అంకుర్' తీయలేకపోయాడు. దానికి డబ్బు పెట్టింది కూడా సినిమా హాళ్లకు ప్రకటనల రీళ్లు పంచే బ్లేజ్ సంస్థే. లింటాస్‌ని నడిపిన బాల్కీ 2007లో 'చీనీ కమ్'తో దర్శకుడయ్యాడు. ఏజెన్సీలో కూర్చున్నవాడికి ఎప్పుడూ కెమెరా వైపే చూపు.

"వాళ్లు కథలు చెప్పడానికి వచ్చారు. నేను ఒకటో తారీఖున జీతం పడే చోటికి పోతున్నా," అన్నాడు వోచరన్న.

నవ్వారు గానీ, ఎదురు చెప్పలేదు ఎవరూ. బాబాయ్ దగ్గర అతనికి మూడు నెలల జీతం బాకీ. బాబాయ్ చెడ్డవాడు కాదు. ఏజెన్సీ సగం డబ్బు షూటింగుకు ముందు ఇస్తుంది. మిగతా సగం ఫిల్మ్ అందాక 90 రోజులకు ఇస్తానంటుంది, 120 రోజులకు ఇస్తుంది. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని, లేకపోతే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. గడువు దాటించి ఇచ్చిన డబ్బును ఇచ్చిన ఏడాదిలోనే తప్ప ఖర్చుగా చూపుకోవడం కుదరదని 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను వాళ్లూ బిగించారు. కానీ చట్టం పేజీ తీసి చూపించినవాడికి ఆ ఏజెన్సీ నుంచి మళ్లీ కొటేషన్ పిలుపు రాదు. ఈలోగా జీఎస్టీ మాత్రం ఆగదు. ఏజెన్సీ చేతికి ఇచ్చినా ఇవ్వకున్నా, బిల్లు వేశాక మరుసటి నెలలో 18 శాతం కట్టి తీరాల్సిందే. అందని డబ్బు మీద పన్ను కట్టడానికి బాబాయ్ అప్పు చేసేవాడు. ఆ అప్పుకు వడ్డీ కట్టాక అబ్బాయ్ జీతానికి మిగిలేది కాదు.

రాజీనామా ఇవ్వడానికి వెళ్తే బాబాయ్ లేచి భుజం తట్టాడు.

"పో అబ్బాయ్. నీ వయసులో నాకు పిలుపొస్తే నేనూ పోయేవాణ్ని. నీ బాకీ గంగలో కలవదు. ఆ నూనె బిల్లు రానియ్, మొదటి చెక్కు నీదే."

"నేను లోపలే ఉంటాగా బాబాయ్. ఆ బిల్లు నేను తోయిస్తా," అన్నాడు వోచరన్న. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

*

బంజారాహిల్స్‌లో ఏసీ గది. మెడలో తాడు, తాడుకు కార్డు, కార్డు మీద అసలు పేరు. చేరిన రోజున ఒక కట్ట కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. అందులో ఒకటి: 'ఏజెన్సీతో లావాదేవీలున్న ఏ వెండరు నుంచీ నాకు రావలసింది గానీ, నేను ఇవ్వవలసింది గానీ లేదు.' జీవితమంతా ఇతరుల చేత సంతకాలు పెట్టించిన మనిషి, తన వంతు వచ్చేసరికి చదవకుండానే పెట్టేశాడు.

అటుపక్క కూర్చుంటే అటుపక్క సంగతులు కనబడతాయి. షూటింగ్ ఒక్కరోజు; దానికి ముందూ వెనకా నెలల పని ఉంటుందని అప్పుడు తెలిసింది. మోడల్ మొహం ఎన్నాళ్లు, ఏయే రాష్ట్రాల్లో, ఏయే మాధ్యమాల్లో వాడుకోవచ్చో ఒప్పందంలో రాయించాలి. ఏడాది గడువు ముగిసిన మర్నాడు యూట్యూబ్‌లో ఆ ప్రకటన మిగిలిపోతే లాయర్ నోటీసు వస్తుంది. పాటకు ట్యూన్ హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. షూటింగుకు ముందు జరిగే మీటింగులో గిన్నె రంగు దగ్గర్నుంచి అత్తగారి చీర దాకా క్లయింటు చేత ఒప్పించి సంతకం పెట్టించుకోవాలి. ఆ పని చేసి ఉంటే పూరీల రాత్రి సాయంత్రం ఆరింటికే ముగిసేదని వోచరన్నకు అక్కడ కూర్చున్నాకే తట్టింది.

ఏజెన్సీ కూడా రాళ్లు తిని అరిగించుకునేదేం కాదని తెలిసింది. ఒకప్పుడు పత్రికల్లో, టీవీల్లో వేసే ప్రకటనల మీద 15 శాతం కమిషన్ వచ్చేది, దాంతో అందరూ దొరల్లా బతికారు. ఇప్పుడు క్లయింటు మనుషుల్ని లెక్కపెట్టి, గంటల్ని లెక్కపెట్టి ఫీజు ఇస్తాడు. అదీ ఆలస్యంగా. క్లయింటు ఏజెన్సీని ఆపుతాడు, ఏజెన్సీ ప్రొడక్షన్ హౌస్‌ని ఆపుతుంది, ప్రొడక్షన్ హౌస్ లైట్‌మన్‌ని ఆపుతుంది. లైట్‌మన్‌కి ఆపడానికి ఎవరూ లేరు, ఇంటి ఓనరు తప్ప.

చేరిన వారానికే ఫైనాన్స్ మేడమ్ పిలిచింది. బల్ల మీద పెండింగ్ బిల్లుల దొంతర. పైనున్నది నూనె బిల్లు. మిగతా భాషల డబ్బింగ్ వెర్షన్లు కూడా అందాయి, ఫిల్మ్ పూర్తిగా చేతికొచ్చింది. మిగిలిన 9 లక్షలు, దానికి తోడు 'అదనపు ఫుడ్ స్టైలింగ్' 2,10,000.

"మీరు అక్కడి నుంచే వచ్చారుగా. ఇందులో నీళ్లు ఎక్కడ కలిశాయో మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?" అంది మేడమ్. "ఈ ఒక్క ఫైలు చూసి చెప్పండి. ప్రొబేషన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

'ఈ ఫైలు నేను చూడకూడదు మేడమ్' అనే ఒక్క వాక్యం గొంతు దాకా వచ్చింది. అంటే ఎందుకని అడుగుతుంది. ఆ వాక్యాన్ని మింగి ఫైలు తీసుకున్నాడు.

రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాడు. బాబాయ్‌కి ఎటూ 9 లక్షలు వస్తాయి. అందులోంచి తన జీతం ఇస్తాడు, మొదటి చెక్కు నీదేనని మాటిచ్చాడు కదా. ఆ రెండు లక్షల పదివేలు పోతే బాబాయ్ లాభంలోంచి పోతాయి. యజమాని అన్నాక లాభనష్టాలు ఉంటాయి. పైగా ఆ పద్దుకు మెయిల్ లేదు, వోచర్ లేదు. ఓవర్‌టైమ్ వోచర్లు ఉన్నాయి గానీ బిల్లులో ఉన్న పేరు ఓవర్‌టైమ్ కాదు. ఏజెన్సీ వాడు నోటితో ఒప్పుకున్న మాట విన్న సాక్షి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు ఇటుపక్క కుర్చీలో ఉన్నాడు.

మర్నాడు మీటింగులో అతను నిలబడి మాట్లాడిన తీరును ఆ ఆఫీసులో ఇప్పటికీ తలుచుకుంటారు.

"మేడమ్, గోధుమపిండి కిలో 50 రూపాయలు వేసుకుందాం. రెండు లక్షల పదివేలకు 4,200 కిలోలు వస్తుంది. కిలోకు 40 పూరీల చొప్పున లక్షా అరవై ఎనిమిది వేల పూరీలు. ముప్పై సెకన్ల ప్రకటనలో మనకు కనిపించేది ఒక్క పూరీ."

మేడమ్ నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసింది. పద్దు కొట్టేశారు.

అంతటితో ఆగితే అతను వోచరన్న ఎందుకవుతాడు? అభ్యంతరం లిఖితపూర్వకంగా, ఫిల్మ్ అందిన పదిహేను రోజుల లోపే పంపాలన్నాడు. అలా పంపితే చట్టం చెప్పే 45 రోజులు ఫిల్మ్ అందిన రోజు నుంచి కాక, అభ్యంతరం తీరిన రోజు నుంచే మొదలవుతాయి. ఏజెన్సీ లాయరుకు కూడా తట్టని సంగతి అది. దానికి తోడు ఇంకో కొత్త రూలు: చివరి చెల్లింపుకు ముందు, కాల్‌షీట్‌లో ఉన్న ప్రతి మనిషీ తనకు రావలసిన బకాయిలన్నీ అందాయని సంతకం చేయాలి. ఐదు వేలు దాటిన ప్రతి పద్దు పక్కన రెవెన్యూ స్టాంపు ఉండాలి. "రేపు ఏ లైట్‌మన్నో యూనియన్‌కి వెళ్లి కూర్చుంటే పాడయ్యేది క్లయింటు పేరు," అన్నాడు. ఆ నోడ్యూస్ పత్రం పూర్తిగా వచ్చేదాకా అభ్యంతరం తీరనట్టే.

మేడమ్ ఆ రూలును ఆఫీసులో అన్ని బిల్లులకూ వర్తింపజేసింది. ఆర్నెల్ల ప్రొబేషన్ ఉండగానే అతన్ని పర్మనెంట్ చేశారు. అభ్యంతర పత్రం కింద సంతకం మాత్రం అతని చేతే పెట్టించారు.

*

నెలన్నర గడిచాక ఓ మధ్యాహ్నం బాబాయ్ ఏజెన్సీకి వచ్చాడు. చంకలో ఫైలు. రిసెప్షన్‌లో గంటసేపు కూర్చోబెట్టారు, అది అక్కడి మర్యాద.

అరుస్తాడనుకున్నాడు వోచరన్న. బతిమాలుతాడనైనా అనుకున్నాడు. రెంటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాడు. బాబాయ్ లోపలికి వచ్చి నమస్కారం పెట్టాడు.

"బాగున్నారా సార్?"

ఆ 'సార్' చెవికి కొత్తగా తగిలింది. పక్కనే మేడమ్ ఉంది గనుక, "కూర్చోండి," అన్నాడు పొడిగా.

"మీ ఉత్తరం అందింది సార్. పూరీల లెక్క కూడా చూశాను. తప్పేం లేదు. ఆ రెండు లక్షల పది వదిలేసుకుంటున్నానని రాసి తెచ్చాను." కాగితం తీసి ఇచ్చాడు. "నోడ్యూస్ కూడా తెచ్చాను. మిగతా తొమ్మిది కాస్త త్వరగా ఇప్పించండి."

ఇంత సులువుగా తేలుతుందనుకోలేదు వోచరన్న. మేడమ్ మెచ్చుకోలుగా అతని వంక చూసింది. ఉత్సాహం ఆగలేదు. పాత కాల్‌షీట్ తెప్పించి, పక్కన నోడ్యూస్ పత్రం పెట్టుకుని, పెన్ను మూతతో ఒక్కొక్క పేరూ తాకుతూ సరిచూశాడు. జనరేటర్ డ్రైవర్ ఇంగ్లిష్‌లో గొలుసుకట్టుగా పెట్టాడు. అత్తగారి వేషం వేసిన ఆవిడ గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఇంటిపేరుతో సహా రాసింది. పిండి కలిపినావిడది వేలిముద్ర. అన్నీ తను ఎరిగిన సంతకాలే. ఆ రాత్రి తన వోచర్ల మీద పడినవే. స్టాంపులు కూడా సక్రమంగా ఉన్నాయి.

"మనుషులు ముప్పై ఎనిమిది. సంతకాలు ముప్పై ఏడు," అన్నాడు తలెత్తి. "ఒకటి తక్కువ."

"అవును సార్. ఆ ఒక్కడూ పని మానేసి వెళ్లిపోయాడు."

"వెళ్లిపోతే? ఎక్కడున్నా పట్టుకుని పెట్టించుకోవాల్సిన బాధ్యత మీదే. మా రూలు రూలే. ఒక్క సంతకం తక్కువైనా ఫైలు కదలదు."

"అందుకే వచ్చాను సార్," అన్నాడు బాబాయ్.

పత్రాన్ని తిప్పి అతని ముందుకు జరిపాడు. పెన్ను మూత కింది నుంచి పైకి, పేర్ల మీదుగా పాకి మొదటి వరుస దగ్గర ఆగింది. వరుస సంఖ్య 1. లైన్ ప్రొడ్యూసర్. పక్కన, కృష్ణానగర్‌లో ఎవరికీ తెలియని అతని అసలు పేరు. ఆ పక్క గడిలో: జీతం బకాయి, 2,10,000.

అప్పుడే మేడమ్‌కి ఫోన్ వచ్చింది. కుర్చీ తిప్పి కిటికీ వైపు మాట్లాడుతోంది.

"ఇదేంటి బాబాయ్, నాకు ఇంకా ఇవ్వలేదుగా," గొంతు తగ్గించాడు వోచరన్న. "తొమ్మిది రాగానే ఇస్తానన్నావు..."

బాబాయ్ కూడా గొంతు తగ్గించాడు. "తొమ్మిదిలో ఏముంది? కెమెరా అద్దె, ఎడిటింగ్, నాలుగు భాషల డబ్బింగ్ థియేటర్లు, జీఎస్టీ కోసం చేసిన అప్పు. బిల్లు వేసింది నువ్వే, నీకు తెలియని లెక్కా?"

"మరి నాది?"

"నీది ఆ రాత్రి కారులో ఉంది. మూడు డెబ్భైలు. సాయంత్రమే బ్యాంకులో తీసి కవర్లో పెట్టుకున్నా, ప్యాకప్ అయ్యాక నీ చేతిలో పెడదామని. పూరీ పొంగలేదు. నీ చేతిలోనే పెట్టాను, నువ్వే అందరికీ పంచావు. బిల్లులో ఆ పద్దు తిరిగొస్తే అది నీదే అనుకున్నా."

వోచరన్న నోరు తెరిచాడు. మేడమ్ కుర్చీ ఇటు తిరిగింది. చేరిన రోజున చదవకుండా సంతకం పెట్టిన కాగితం కళ్ల ముందు కదిలింది. ఏ వెండరు నుంచీ నాకు రావలసింది లేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఏంటి, తేలిందా?" అంది మేడమ్, పత్రంలోకి తొంగి చూస్తూ. "ఓ, మిగిలింది మీ సంతకమేనా! మనిషి ఎదురుగానే ఉన్నాడుగా, పెట్టేయండి. ఈ రోజే ఫైలు క్లోజ్ చేద్దాం." పెన్ను అందించింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి, "అయ్యో, స్టాంపు కావాలి కదా. మీరు పెట్టిన రూలే," అని నవ్వింది.

బాబాయ్ చొక్కా జేబులోంచి మడతపెట్టిన చిన్న కాగితం తీశాడు. అందులోని రెవెన్యూ స్టాంపును నాలుకతో తడిపి, మొదటి వరుసలో వంకర లేకుండా అంటించి, బొటనవేలితో నొక్కాడు.

"ఈ రూపాయి నేను పెట్టుకుంటాలే అబ్బాయ్."